పాత ఫ్లెక్సీల గుడారం, సంఘ పెద్దలు, గోడ ఇచ్చే మనిషి

వందనాలు తమ్ముడూ. నీ ప్రశ్న చదివాను. బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చివరి సంవత్సరం, నాన్నగారు పల్లెటూళ్లో పాస్టరు. సువార్త సభలకు కట్టి తీసేసిన పాత ఫ్లెక్సీలన్నీ పోగేసి, కుట్టి, ఒక గుడారంలా నిలబెట్టి ఫైనల్ డిస్‌ప్లేలో పెడదామనుకుంటున్నావు, స్కెచ్ కూడా పెట్టావు. సంఘ పెద్దలేమో ఇది లోకసంబంధమైన పని, దేవుడి పనికి వాడిన బ్యానర్లతో ఆటలేంటి అన్నారు. కాలేజీలో సారేమో మతప్రచారం స్టూడియోలోకి తేవద్దన్నారు. అసలు విశ్వాసికీ కాంటెంపరరీ ఆర్ట్‌కీ పొసగుతుందా అని అడిగావు.

పొసగుతుంది. నేను చాలా ఏళ్లు ప్రింట్‌మేకింగ్ (అచ్చుబొమ్మల కళ) చెప్పినవాణ్ని, ఆదివారం లూథరన్ గుడిలో కూర్చునేవాణ్ని, ఈ రెండు వైపుల మాటలూ నాకు బాగా తెలుసు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత ఎందుకో చెబుతాను. గత వందేళ్లలో చర్చి, ఆధునిక కళ కలిసి గట్టి పని ఏదైనా చేశాయంటే, చాలాచోట్ల దాని వెనక ఒక మనిషి ఉన్నాడు. కళాకారుడి సంగతి కాదు నేను చెప్పేది. సంఘంలోనే ఉండి, "ఈ గోడ నీకిస్తున్నా, వచ్చే తిట్లు నేను తింటా" అన్న మనిషి. మనకు కొరత అక్కడ ఉంది.

ముందు పెద్దల మాట తీసుకుందాం. వాళ్లు చూపించేది నిర్గమకాండం 20లో ఉన్న ఆజ్ఞ, రూపాన్నైనా విగ్రహాన్నైనా చేసుకోవద్దు అన్నది. దాన్ని నవ్వి తీసిపారేయకు, ఆ భయంలో అర్థం ఉంది. కానీ అదే పుస్తకం 31వ అధ్యాయంలో బెసలేలును పేరు పెట్టి పిలిచి, దేవుని ఆత్మతో నింపి, బంగారం వెండి ఇత్తడి పని, రత్నాలు చెక్కే పని, చెక్క పని అప్పగించడం కూడా ఉంది. నాకు ఇంకా ఇష్టమైన సంగతి ఇత్తడి సర్పం. సంఖ్యాకాండం 21లో దేవుడే మోషే చేత చేయించాడు, పాము కరిచినవాళ్లు దాన్ని చూసి బతికారు. కొన్ని వందల ఏళ్ల తర్వాత జనం దానికి ధూపం వేయడం మొదలుపెడితే హిజ్కియా రాజు ముక్కలు ముక్కలు చేశాడు, రెండవ రాజులు 18లో ఉంది, అది మంచి పని అన్నట్టే రాశారు. అదే వస్తువు, చేయించిందీ సరే, పగలగొట్టిందీ సరే. బొమ్మ ముందు నిలబడి జనం ఏం చేస్తున్నారన్నదే లెక్క. ఈ రెండు వచనాలూ పక్కపక్కన పెట్టి నాన్నగారితో మాట్లాడు. ఆయన పాస్టరు కదా, వాక్యం తెచ్చి మాట్లాడితే కూర్చుని వింటారు.

ఇంకో మాట. ఆ పెద్దల ఇళ్లలో హాల్లో గోడ ఒకసారి చూడు. గోధుమరంగు జుట్టు, కాస్త పక్కకు తిరిగిన మొహం, మెత్తటి వెలుగు, ఆ యేసు బొమ్మో దాని నకలో చాలా ఇళ్లలో ఉంటుంది. అది వేసింది వార్నర్ సాల్‌మన్ అని చికాగోలో కమర్షియల్ ఆర్టిస్టు, 1940లో. కోట్ల కాపీలు అచ్చయి ప్రపంచమంతా తిరిగింది. అది కూడా వేసిన రోజున కొత్త బొమ్మే, ప్రకటనలకు బొమ్మలు గీసే చేతి పనే. కాబట్టి పెద్దలకు బొమ్మతో పేచీ లేదు, అలవాటు లేని బొమ్మతో పేచీ. ఇది వాళ్లతో ఇలా అనకు, మర్యాదగా ఉండదు. నువ్వు మాత్రం తెలుసుకుని ఉండు.

ఇక కాలేజీ సారు. ఆయన మాటలో సగం నిజం ఉంది. మతం మీద స్టూడెంట్లు చేసే పని ఎక్కువగా చెత్తగా ఉంటుంది, ఎందుకంటే జవాబు ముందే తెలిసిపోయి ఉంటుంది. చూసేవాడు చేయడానికి ఏమీ మిగలదు. మిగతా సగం మాత్రం ఆర్ట్ ప్రపంచంలోని ఒక పాత అలవాటు. జేమ్స్ ఎల్కిన్స్ అని చికాగోలో ఆర్ట్ హిస్టరీ చెప్పే ప్రొఫెసర్ 2004లో దీని మీదే ఒక చిన్న పుస్తకం రాశాడు. నిజాయితీగా భక్తితో చేసిన పని ముందుకొస్తే ఆర్ట్ స్కూళ్లలో టీచర్లకు ఏం మాట్లాడాలో తెలియక ఇబ్బంది పడతారని ఆయన గమనించాడు. వెక్కిరింపు ఉంటే మాట్లాడగలరు, విమర్శ ఉంటే మాట్లాడగలరు, నేను నమ్ముతున్నాను అంటే మాత్రం గొంతులో ఏదో అడ్డం పడుతుంది. నీ సారు చెడ్డవాడేం కాదు, ఆయనకు ఆ భాష ఎవరూ నేర్పలేదు.

తమాషా ఏంటంటే ఆ ప్రపంచం నెత్తిన పెట్టుకున్నవాళ్లలో కొందరు నిజంగా చర్చికి వెళ్లినవాళ్లే. అమెరికా పాప్ ఆర్టిస్టు ఆండీ వార్హోల్ సంగతి చూడు. సూప్ డబ్బాలు, సినిమా తారలు, పార్టీలు అనే మనకు తెలుసు. పిట్స్‌బర్గ్‌లో తూర్పు ఐరోపా నుంచి వలసొచ్చిన బైజాంటైన్ కాథలిక్ కుటుంబం ఆయనది, న్యూయార్క్‌లోనూ చర్చికి వెళ్తూనే ఉండేవాడు, పండగ రోజుల్లో ఇల్లు లేనివాళ్లకు భోజనాలు వడ్డించేవాడు. చివర్లో చేసిన పెద్ద వరస ప్రభువు రాత్రి భోజనం మీద. లియొనార్డో బొమ్మను చవక నకళ్ల నుంచి తీసుకుని, పైన కంపెనీ గుర్తులు, ధరల చీటీలు వేశాడు. 1987 జనవరిలో మిలాన్‌లో, అసలు లియొనార్డో చిత్రం ఉన్న చర్చికి ఎదురుగా ప్రదర్శన పెట్టారు, మరుసటి నెల ఆయన పోయాడు. అది భక్తా వెక్కిరింతా అని ఇప్పటికీ వాదించుకుంటారు. రెండూ ఉన్నాయని నాకనిపిస్తుంది, మన ఇళ్లలో పన్నెండు నెలల క్యాలెండర్ మీద యేసుప్రభువు, కింద బంగారం షాపు పేరు ఉండట్లేదా.

పెద్దలు నీతో వాదనకు దిగితే ఎవరో ఒకరు అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆండ్రెస్ సెరానో పేరు తెస్తారు, వాట్సాప్‌లో ఏటా తిరుగుతుంది కాబట్టి. 1987లో ఆయన ఒక ప్లాస్టిక్ సిలువను తన మూత్రంలో ముంచి ఫొటో తీసి, దానికి "పిస్ క్రైస్ట్" (మూత్ర క్రీస్తు) అని పేరు పెట్టాడు. ఫొటో చూస్తే తేనె రంగు వెలుగులో తేలుతున్నట్టు చాలా అందంగా ఉంటుంది, పేరు చదివితేనే కడుపులో తిప్పుతుంది. 1989లో అమెరికా సెనేట్‌లో దాని మీద గొడవ జరిగింది, 2011లో ఫ్రాన్స్‌లో అవిన్యోన్‌లో మట్టల ఆదివారం నాడు ఎవరో దాన్ని పగలగొట్టారు. సెరానో మాత్రం మొదటి నుంచీ నేను క్రైస్తవుణ్నే అంటున్నాడు, సిలువ వేయడమంటే ఎంత నీచమైన చావో మెడలో గొలుసు చేసుకుని మర్చిపోయాం అన్న ధోరణిలో చెబుతాడు. 2023లో పోప్ ఫ్రాన్సిస్ వాటికన్‌కు పిలిచిన కళాకారుల్లో ఆయన కూడా ఉన్నాడు, పోప్ నవ్వి బొటనవేలు ఎత్తి చూపించాడు. నా మాట అడిగితే, ఆయన వాదన సరైనదే. కానీ ఆ పేరు పెట్టేటప్పుడు గొడవ అవుతుందని తెలియదంటే మాత్రం నేను నమ్మను. నువ్వు ఆ దారి పట్టకు. షాక్ ఒక్కసారే పనిచేస్తుంది, ఆ తర్వాత జనం పని గురించి కాకుండా నీ గురించి మాట్లాడతారు.

ఇప్పుడు అసలు విషయం, గోడ ఇచ్చినవాళ్లు.

ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల్లో అస్సీ అని ఒక ఊరు, క్షయ రోగుల శానటోరియంలు ఉండేవి. అక్కడ కట్టిన చర్చిని 1950లో ప్రతిష్ఠించారు. మారీ అలెన్ కుటూరియే అనే డొమినికన్ మఠం కాథలిక్ గురువు (ప్రీస్టు) పట్టుబట్టి ఆ కాలపు పెద్ద పెద్ద కళాకారులతో పని చేయించాడు. ఆయన వాదన సూటిగా ఉండేది, ప్రతిభ లేని భక్తుడి కంటే భక్తి లేని ప్రతిభావంతుడు నయం. మత్తీస్, బ్రాక్, బొనార్ ఉన్నారు, కమ్యూనిస్టు అయిన లెజే ముఖద్వారం మీద మొజాయిక్ చేశాడు, యూదులైన షగాల్, లిప్‌షిట్జ్ ఉన్నారు. లోపల బలిపీఠం దగ్గరికి జెర్మెన్ రిషియే అనే శిల్పి కంచుతో క్రీస్తును చేసింది. ఆ శరీరానికి మొహం కనబడదు, చేతులు కర్రలో కలిసిపోయి ఎండిన చెట్టులా ఉంటాయి. గొడవ మొదలైంది, 1951లో బిషప్ ఆజ్ఞతో తీసేశారు. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ అక్కడికే తెచ్చి పెట్టారు. ఊపిరితిత్తులు కుళ్లిపోతున్న మనుషులు ఆదివారం ఆదివారం వచ్చి కూర్చునే చోట ఎండిపోయిన దేహం పెట్టడం అపచారమా, లేక యెషయా 53లో అతనికి సురూపమైనా సొగసైనా లేదు అన్న మాటను అక్షరాలా తీసుకోవడమా? నాన్నగారిని ఈ ప్రశ్న అడిగి చూడు, మంచి చర్చ అవుతుంది.

అదే అస్సీలో రంగుటద్దాలు చేసిన జార్జ్ రువో సంగతి వేరు. ఆయన గట్టి కాథలిక్కు, జీవితమంతా క్రీస్తు మొహం, వేశ్యలు, సర్కస్ జోకర్లు, జడ్జీలు ఇవే వేశాడు. యుద్ధం, బాధ, క్రీస్తు శ్రమల మీద చేసిన 58 ప్రింట్ల వరస 1948లో గానీ బయటికి రాలేదు, నువ్వు ప్రింట్‌మేకింగ్ తీసుకున్నా తీసుకోకపోయినా అవి ఇంటర్నెట్‌లో వెతికి చూడు, నల్లరంగు అలా వాడినవాళ్లు తక్కువ. అంత నమ్మకస్తుడికి సొంత చర్చి పని ఇచ్చేసరికి డెబ్బై దాటేశాయి. అందుకే కుటూరియే మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. నమ్మకం ఉన్న ప్రతిభావంతులు పక్కనే ఉన్నారు, చూసేవాళ్లు లేరు.

ఇంగ్లండ్‌లో వాల్టర్ హస్సీ ఇంకా మంచి ఉదాహరణ, ఎందుకంటే ఆయనేమీ పెద్ద పదవిలో ఉన్నవాడు కాదు, నార్తాంప్టన్ అనే మామూలు ఊళ్లో పారిష్ గురువు. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, బాంబుల నుంచి దాక్కున్న జనాన్ని శిల్పి హెన్రీ మూర్ గీసిన బొమ్మలు చూసి, మా గుడికి మరియను, బాలయేసును చెక్కిపెట్టమని అడిగాడు. మూర్ వెంటనే ఒప్పేసుకోలేదు. ముందు మట్టితో చిన్న చిన్న నమూనాలు చేసి చూసుకుని, కుదురుతుందనిపించాకే సరేనన్నాడు. 1944లో విగ్రహం పెట్టారు, ఊరి పత్రికకు తిడుతూ ఉత్తరాలు వెల్లువెత్తాయి. హస్సీ ఆగలేదు, 1946లో చిత్రకారుడు గ్రాహమ్ సదర్లాండ్ చేత సిలువ చిత్రం వేయించి ఎదురుగా పెట్టాడు. సదర్లాండ్ అప్పుడే బయటికొచ్చిన నాజీ శిబిరాల ఫొటోలు చూసి ఆ శరీరాన్ని గీశాడు. ఇన్నేళ్ల తర్వాత ఆ రెండింటి కోసమే జనం ఆ గుడికి వెళ్తున్నారు.

ఇలాంటి కథలు ఇంకా ఉన్నాయి, అమెరికాలో హ్యూస్టన్‌లో చిత్రకారుడు రోత్కో చేసిన 14 పెద్ద చీకటి కాన్వాసుల చాపెల్ (చిన్న ప్రార్థనా మందిరం), ఫ్రాన్స్‌లో వాన్స్ ఊళ్లో మత్తీస్ చాపెల్, అవన్నీ నువ్వే చదువుకుంటావు. 2024 వెనిస్ బియెనాలేలో (రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన) వాటికన్ తన ప్రదర్శనను ఆడవాళ్ల జైల్లో పెట్టింది, సందర్శకులకు దారి చూపించింది ఖైదీలే. బయట గోడ మీద పెద్ద మురికి పాదాలు వేసింది ఎవరు? ఉల్క తగిలి నేలకొరిగిన పోప్ బొమ్మను 1999లో చేసి తిట్లు తిన్న మౌరిజియో కాతెలానే. ఎవరి చేత తిట్లు తిన్నాడో వాళ్లే గోడ ఇచ్చారు.

మన దేశానికి వస్తే ఇద్దరు గోవా వాళ్లు గుర్తొస్తారు. ఆంజెలో ద ఫోన్సెకా, 1902లో పుట్టాడు, శాంతినికేతన్‌లో అవనీంద్రనాథ్ ఠాగూర్ దగ్గర నేర్చుకుని వచ్చి మరియమ్మకు చీర కట్టాడు. గోవా గురువులు మండిపడ్డారు, ఆయన పుణె వెళ్లి ఒక క్రైస్తవ ఆశ్రమంలో ఉండి చివరిదాకా అదే పని చేసుకున్నాడు. రెండోవాడు ఎఫ్.ఎన్. సూజా, 1924లో పుట్టాడు, కొడుకును గురువును చేస్తానని తల్లి మొక్కుకుంది, ఆయనేమో బొంబాయిలో ప్రోగ్రెసివ్ గ్రూప్ అనే కళాకారుల బృందం పెట్టి లండన్ వెళ్లిపోయి ముళ్లు, పళ్లు, మేకులతో భయంకరమైన సిలువలు వేశాడు. 1959 నాటి ఆయన సిలువ చిత్రం ఇప్పుడు ఇంగ్లండ్‌లోని టేట్ మ్యూజియంలో ఉంది. ఒకాయన లోపల ఉండి మాటలు పడ్డాడు, ఒకాయన కోపంతో బయటికెళ్లాడు, ఇద్దరికీ ఊళ్లో గోడ దొరకలేదు.

మనవాళ్లలో పి. సోలమన్ రాజు గారి పేరు నువ్వు వినే ఉంటావు, వినకపోతే సిగ్గుపడాల్సింది మేం, నువ్వు కాదు. 1921లో పుట్టారు, ఆంధ్ర లూథరన్ సంఘంలో పాస్టరు, బర్మింగ్‌హామ్‌లో బైబిల్ మిషన్ దేవదాసు అయ్యగారి ఉద్యమం మీద పరిశోధన చేశారు, విజయవాడలో ఒక కళా ఆశ్రమం పెట్టుకుని బాతిక్‌లు (గుడ్డ మీద మైనంతో అద్దకం), వుడ్‌కట్‌లు (చెక్క మీద చెక్కి వేసే అచ్చులు) చేశారు. ఆయన క్రీస్తు కూలివాళ్ల మధ్య, దళితుల మధ్య కనిపిస్తాడు, మైనం, రంగు అద్దకంలో గీతలు కళంకారీకి చుట్టాల్లా ఉంటాయి. జర్మనీలో, ఇంగ్లండ్‌లో ఆయన్ను పిలిచి గౌరవించారు. ఆయన బొమ్మలు మన పల్లె మందిరాల్లో ఎన్ని గోడల మీద ఉన్నాయో నువ్వే చూసుకో.

నాకు అర్థం కానిది ఇదే. పాట విషయంలో మనం ఇలా లేం. పురుషోత్తమ చౌదరి గారు పందొమ్మిదో శతాబ్దంలోనే రాగం, తాళం పెట్టి కీర్తనలు కట్టారు, ఇప్పటికీ మన కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం పేరు ఉంటుంది, ఎవరూ ఇది అన్యుల సంగీతం అనరు. జాషువా గారు పద్యంలో క్రీస్తు చరిత్ర రాస్తే సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, గర్వంగా చెప్పుకుంటాం. కట్టడంలోనూ అజరయ్య బిషప్ గారు దోర్నకల్‌లో గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిపి కెథెడ్రల్ కట్టించారు, 1939లో ప్రతిష్ఠించారు. బొమ్మ దగ్గరికొచ్చేసరికి మాత్రం మెదక్ చర్చిలో ఇంగ్లండ్ నుంచి తెప్పించిన అద్దాలు, ఇంట్లో చికాగో క్యాలెండర్, స్టేజీ మీద ఫ్లెక్సీ. డబ్బు లేక అనకు. సౌండ్ సిస్టమ్‌కి ఉంది, ఎల్ఈడీ స్క్రీన్‌కి ఉంది, క్రిస్మస్ స్టార్లకి ఉంది.

ఇక నీ పని. ఆలోచన బాగుంది, నిజంగా. దానికి ముందు కొరిటా కెంట్ ప్రింట్లు చూడు. లాస్ ఏంజెలెస్‌లో కాన్వెంట్ సిస్టర్, 1960ల్లో సూపర్ మార్కెట్ ప్రకటనల మాటలు, బ్రెడ్డు ప్యాకెట్ల చుక్కలు తీసుకుని వాటితోనే సువార్త చెప్పింది. అక్కడి కార్డినల్‌కు నచ్చలేదు, 1968లో ఆమె మఠం వదిలేసింది. చవక అచ్చుసరుకును భక్తిలోకి ఎలా తేవాలో ఆమెను చూసి నేర్చుకోవచ్చు, నీ ఫ్లెక్సీలకు అదే కదా కావలసింది.

గుడారం అన్నావు కాబట్టి నిర్గమకాండం 26 మళ్లీ చదువు, ఈసారి టైలర్‌లా చదువు. లోపల పది సన్ననార తెరలు, నీలం ధూమ్రం ఎరుపు, కెరూబుల (రెక్కల దూతల) పని. దాని పైన మేకవెండ్రుకలతో పదకొండు తెరలు, ఆపైన తోళ్లు. అంటే బయట నిలబడ్డవాడికి కనిపించేది తోలు, లోపలికి వెళ్తే రంగు. నీ స్కెచ్‌లో ప్రింట్ బయటికి పెట్టావు. తిప్పెయ్. తెల్లటి వీపు బయటికి ఉండనీ, రంగులు, మొహాలు, "స్వస్థత మహాసభలు" అన్న అక్షరాలు లోపలికి ఉండనీ. మనిషి వంగి లోపలికి వెళ్తే చుట్టూ అవే మొహాలు, అవే తేదీలు, జరిగిపోయిన సభలు. అప్పుడది వెక్కిరింపా ప్రార్థనా అన్నది లోపల కూర్చున్నవాడే తేల్చుకుంటాడు, నీ సారుకు కూడా మాట్లాడడానికి ఏదో దొరుకుతుంది.

వాక్యం మాత్రం రాయకు. నాకు తెలిసిన ఒక సంఘంలో గుడ్ ఫ్రైడేకి, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద వుడ్‌కట్‌లు పెడతానంటే, ప్రతి దాని కింద వాక్యం పెద్దక్షరాలతో ఉండాలని కమిటీ షరతు పెట్టింది. జనం వరసగా వచ్చి వాక్యాలు చదువుకుని వెళ్లిపోయారు, బొమ్మల వైపు ఒక్కరూ కన్నెత్తలేదు. నీ ఫ్లెక్సీల మీద అక్షరాలు ఎలాగూ ఉన్నాయి, చాలు.

పనికొచ్చే సంగతులు కొన్ని. ఫ్లెక్సీ బరువు తక్కువ అంచనా వేయకు, కుట్టిన చోట చిరుగుతుంది, అంచులు మడిచి లోపల తాడు పెట్టి కుట్టించు, మీ ఊళ్లో టార్పాలిన్లు కుట్టేవాడి దగ్గరికి వెళ్లు, మామూలు టైలర్ మిషన్ మీద సూది విరుగుతుంది. లోపల హాలోజన్ లైటు పెట్టకు, ప్లాస్టిక్ వేడెక్కి వాసన కొడుతుంది, చిన్న ఎల్ఈడీ బల్బు చాలు. మంట పెట్టే ఆలోచన ఏమైనా ఉంటే మానుకో, ఆ పొగ విషం. ఫ్లెక్సీల మీద ఫొటోలు ఉన్న పాస్టర్లలో దగ్గరివాళ్లకు ముందే చెప్పి ఒప్పించు, చెప్పకపోతే ప్రారంభం రోజు సాయంత్రానికి ఫోన్లు నాన్నగారికి వెళ్తాయి, నీకు కాదు.

నాన్నగారిని ప్రారంభానికి పిలవడం కాదు, కుట్టేటప్పుడే పిలువు. ఆ సభల్లో సగం ఆయన కట్టించినవే అయ్యుంటాయి, ఏ ఫ్లెక్సీ ఏ ఊళ్లో కట్టారో, ఆ రోజు వాన పడిందో, ఎంతమంది వచ్చారో ఆయనకు గుర్తుంటుంది. అడుగు, రాసుకో. అలా కూర్చుని కుడుతుంటే మీ మందిరం పక్క ఖాళీ స్థలంలో ఒక ఆదివారం దీన్ని వేద్దాం నాన్నా అని అడిగే వీలు కూడా దొరుకుతుంది. ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను, కమిటీ కూడా ఉంటుంది కాబట్టి ముందు కోశాధికారిని కలుపుకో, మన సంఘాల్లో ఆయన సరేనంటే సగం పని అయినట్టే. స్కెచ్ మార్చాక ఇక్కడే పెట్టు, చూసి చెబుతాను.